పెద్దవాళ్ళు పడకముందే ఇంటికి వచ్చి చూసే సేవ: తిరుపతిలో ఒక వైద్య పరికరాల దుకాణంపై సమీక్ష

తిరుపతిలో రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు దగ్గర దగ్గరగా ఉన్న అలిపిరి దారి చుట్టుపక్కల వైద్య పరికరాల దుకాణాలకు కొదవ లేదు. వాకర్లు, చక్రాల కుర్చీలు, నడుము బెల్టులు గుమ్మం ముందు వరుసగా నిలబెట్టిన ఆ దుకాణాలకు మనం సాధారణంగా వెళ్ళేది ఇంట్లో పెద్దవాళ్ళు పడి, ఎముక విరిగి, ఆపరేషన్ కూడా అయ్యాక, డాక్టరు రాసిన చీటీ పట్టుకునే. నేను ఇక్కడ సమీక్షిస్తున్న దుకాణం దానితోపాటు ఇంకో పని చేస్తోంది. పెద్దవాళ్ళు పడకముందే ఇంటికి ఒక మనిషిని పంపి, స్నానాలగది, మరుగుదొడ్డి, పడకగది, మెట్లు చూసి, ఎక్కడ ఏమి అవసరమో చెప్పి, మనం ఒప్పుకుంటే బిగించి వెళ్తుంది. ఇది ప్రకటనలా ఉండకూడదనీ, కొన్ని లోపాలు కూడా చెప్పవలసి ఉందనీ దుకాణం పేరు రాయడం లేదు. ఇలాంటి సేవ మన ఊళ్ళో ఇప్పుడు మరికొందరు కూడా ఇస్తున్నారు కాబట్టి దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనికి అనవసరమో తెలుసుకోవడానికి ఈ అనుభవం ఉపయోగపడుతుంది. క్లుప్తంగా ముందే చెప్పాలంటే, బిగింపు పని చాలా బాగుంది, ఊతకర్ర కొలత బాగుంది, పిలుపు గంట బాగాలేదు, అమ్మిన తర్వాతి సేవ నామమాత్రంగా ఉంది.

దుకాణాన్ని ఏ కొలమానంతో తూచానో కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది మరణిస్తున్నారు, వారిలో 80 శాతానికి పైగా మనలాంటి తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాలవారే. ప్రమాదవశాత్తు తగిలే గాయాల వల్ల సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. 65 ఏళ్ళు దాటినవారిలో దాదాపు మూడోవంతు మంది ఏడాదిలో ఒక్కసారైనా పడుతుంటారు. తుంటి ఎముక విరిగినవారిలో అత్యధికులు పడడం వల్లే, అందులోనూ పక్కకు పడడం వల్లే, విరగ్గొట్టుకుంటున్నారు. అయితే ఒకే ఒక్క కారణంతో పడేవారు తక్కువ. రాత్రి మూత్రానికి లేచిన మనిషి ఒక్కసారిగా నిలబడినప్పుడు బీపీ తగ్గుతుంది, నిద్రమాత్ర మత్తు ఇంకా వదలదు, షుగరు వల్ల మొద్దుబారిన పాదానికి నేల స్పర్శ సరిగ్గా తెలియదు, శుక్లం కమ్మిన కంటికి గడప కనిపించదు, అప్పుడు కాళ్ళు తుడుచుకునే పట్టా అంచు కాలికి తగులుతుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం తప్పంతా పట్టాదే అనుకుంటారు. కాబట్టి ఇంటికి వచ్చే మనిషి పట్టాను మాత్రమే చూస్తాడా, నడిచే మనిషిని కూడా చూస్తాడా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

ఆ పరీక్షలో ఈ దుకాణం పంపిన యువకుడు నెగ్గాడు. ఒక ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో సహాయకుడిగా పనిచేసిన అనుభవం ఉందని తర్వాత మాటల్లో చెప్పాడు. వచ్చీ రాగానే టేపు తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళలేదు. డెబ్బై ఆరేళ్ళ మా అమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "అమ్మా, రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తారు?" అని మొదలుపెట్టాడు. "రెండు మూడుసార్లు లేస్తాను నాయనా. లైటు వేస్తే వీళ్ళకు నిద్ర చెడుతుందని గోడ పట్టుకోని పోతా," అని అమ్మ చెప్పింది. ఆ మాట మేము ఇంట్లో ఎన్నడూ వినలేదు, ఎందుకంటే మేమెవరమూ అడగలేదు. ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా, పడబోయి నిలదొక్కుకున్నారా, పడతానేమోనన్న భయంతో ఏ పనైనా మానేశారా అని మూడు ప్రశ్నలు విడివిడిగా అడిగాడు. అమ్మ మొదటిదానికి లేదంది, రెండోదానికి నవ్వి ఊరుకుంది, మూడోదానికి మాత్రం గోవిందరాజస్వామి గుడికి వెళ్ళడం తగ్గించానని చెప్పింది. భయంతో నడక తగ్గించుకున్నవారి కాళ్ళు ఇంకా బలహీనపడి, పడే అవకాశం మరింత పెరుగుతుంది కాబట్టి ఆ మూడో ప్రశ్న చాలా విలువైనది.

తర్వాత ఒక కుర్చీ తెప్పించి, నేల మీద మూడు మీటర్లు కొలిచి, అక్కడ సుద్దతో గీత గీశాడు. కుర్చీలోంచి లేచి, గీత దాకా మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోమని చెప్పి, తాను అమ్మకు చెయ్యి అందేంత దూరంలో నడుస్తూ ఫోనులో సమయం చూశాడు. వైద్యులు వాడే పరీక్షే ఇది. పన్నెండు సెకన్లు, అంతకు మించి పడితే జాగ్రత్త పడవలసిన మనిషిగా లెక్కిస్తారు. అమ్మకు పన్నెండు దాటాయి. అంతకంటే ముఖ్యంగా, తొడల మీద చేతులు ఆనించి ఊపు తీసుకుంటేగాని లేవలేకపోతోందనీ, వెనక్కి తిరిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు చాలా వేస్తోందనీ అతడు మాకు చూపించాడు. రోజూ కళ్ళ ముందు జరిగేదే అయినా ఇంట్లోవాళ్ళ కంటికి ఆనని సంగతులు ఇవి.

ఇల్లు చూడడం ఆ తర్వాతే మొదలైంది. మాది పాత ఇల్లు. గదుల మధ్య గడపలున్నాయి, వసారాలో నాపరాళ్ళున్నాయి, స్నానాలగదిలో మాత్రం కొన్నేళ్ళ కిందట మార్పించిన నున్నటి టైల్స్ ఉన్నాయి. శుక్రవారం తలంటు రోజున నూనె, సీకాయపొడి, నీళ్ళు కలిసి ఆ టైల్స్ మీద ఎలా పరుచుకుంటాయో అడిగి తెలుసుకుని, నూనె రాసుకోవడం స్నానాలగది బయట కుర్చీలో పెట్టుకోవాలనీ, అరికాళ్ళు గుడ్డతో తుడుచుకున్న తర్వాతే లోపలికి వెళ్ళాలనీ, స్నానం తక్కువ ఎత్తు పీట మీద కాకుండా మోకాలి ఎత్తుండే స్టూలు మీద కూర్చుని చేయాలనీ చెప్పాడు. దీపారాధన నూనె ఒలికే పూజగది మూలను, తెల్లవారుజామున కళ్ళాపి చల్లి ముగ్గు వేసే వాకిలిని కూడా చూశాడు. ఏ విదేశీ పట్టికలోనూ దొరకని ఈ రెండు చోట్లూ మన ఇళ్ళలో ముఖ్యమైనవే. గడపలు తీయించమని చెప్పలేదు. గడప అంచున పసుపు రాసిన చోట లేత రంగు, నేల కూడా లేత రంగు కావడంతో ఎత్తు తెలియడం లేదనీ, అంచు వెంట ముదురు రంగు పట్టీ అంటిస్తే సరిపోతుందనీ అన్నాడు. గడప మీద తొక్కకుండా దాటే మన అలవాటుకు ఆ పట్టీ బాగా పనికివచ్చింది.

డబ్బు తీసుకోకుండా ఇచ్చిన సలహాల్లో అన్నిటికంటే విలువైనది తలుపు గురించి. మా స్నానాలగది తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడి తలుపుకు అడ్డంగా ఉంటే బయటినుంచి ఎవరూ తెరవలేరు. తలుపును బయటికి తెరుచుకునేలా తిప్పించమనీ, గడియ కూడా బయటినుంచి తీయగలిగేది పెట్టించమనీ చెప్పాడు. వడ్రంగి పని తన దుకాణంలో లేదని, తెలిసినవాళ్ళతో చేయించుకోమని అన్నాడు. అమ్మకానికి సంబంధం లేని సలహా ఇచ్చే దుకాణాన్ని నమ్మవచ్చునని నాకు అనిపించింది ఇక్కడే.

ఇక గోడకు బిగించే పట్టురాడ్ల సంగతి. ఈ సమీక్షలో పూర్తి మార్కులు వీటికే. స్టెయిన్‌లెస్ స్టీలు, గరుకు పట్టు ఉన్న రాడ్లు ఇచ్చారు. రాడ్డు మందం 32 నుంచి 38 మిల్లీమీటర్ల మధ్య ఉంటే ముసలి చేతికి పిడికిలి సరిగ్గా బిగుస్తుంది. గోడకూ రాడ్డుకూ మధ్య సందు ఒకటిన్నర అంగుళం ఉండాలి. అంతకంటే తక్కువైతే వేళ్ళు దూరవు, బాగా ఎక్కువైతే పట్టు తప్పినప్పుడు ముంజేయి ఆ సందులోకి జారి ఇరుక్కుంటుంది. అమెరికాలో వికలాంగుల కోసం ఉన్న ప్రమాణాల ప్రకారం అడ్డంగా పెట్టే రాడ్డు నేలనుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలి, సుమారు 113 కిలోల బరువును తట్టుకోవాలి. ఈ యువకుడు ఆ ఎత్తును గుడ్డిగా పాటించకుండా, పొట్టిగా ఉండే మా అమ్మను అక్కడే నిలబెట్టి, కూర్చోబెట్టి, చెయ్యి సహజంగా ఎక్కడికి వెళ్తుందో చూసి పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. తలుపు దాటి లోపల అడుగు పెట్టే చోట నిలువుగా ఒకటి, కమోడ్ పక్క గోడకు అడ్డంగా ఒకటి, స్నానం చేసే చోట ఇంకొకటి పెట్టించాము.

బిగించే తీరు చూడదగినది. డ్రిల్లు పెట్టకముందు వేలి కణుపులతో టైల్స్‌ను వరుసగా తట్టుకుంటూ పోయాడు. ఒకచోట బోలు చప్పుడు వచ్చింది. టైలు వెనక సిమెంటు పట్టలేదనీ, అక్కడ బోల్టు వేస్తే రాడ్డు టైలుతో సహా ఊడివస్తుందనీ చెప్పి, గుర్తును నాలుగు వేళ్ళు పక్కకు జరిపాడు. యాంకర్ బోల్టులు టైలు, గోడపూత దాటి ఇటుకలోకి దిగాయో లేదో లోతు కొలిచి చూశాడు. రంధ్రాల చుట్టూ నీళ్ళు దిగకుండా సిలికాన్ పూశాడు. చివరికి రెండు చేతులతో రాడ్డు పట్టుకుని, కాళ్ళు నేలనుంచి ఎత్తి తన బరువంతా వేలాడదీసి చూపించాడు. సిలికాన్ ఆరడానికి ఒక రోజు ఆగమన్నాడు. పని అయ్యాక ఎర్రటి ఇటుక పొడి మొత్తం అక్కడే వదిలి వెళ్ళాడు, అది మేమే కడుక్కోవలసి వచ్చింది. ఆ మాత్రం దుమ్మును నేను పట్టించుకోను. తువ్వాలు వేసే రాడ్డును, నీళ్ళ కుళాయిని, వాష్‌బేసిన్ అంచును ఇంతకాలం ఆసరాగా పట్టుకుంటున్న అమ్మకు అవేవీ మనిషి బరువు మోసేవి కావని కూడా వివరించాడు. అదే దుకాణంలో రబ్బరు కప్పులతో గోడకు అతికే, డ్రిల్లు అవసరం లేని రాడ్లు కూడా అద్దాల వెనక మెరుస్తూ కనిపిస్తాయి. అద్దె ఇళ్ళవారికి అవి ఆకర్షణగా ఉంటాయి. గాలి పట్టు ఎప్పుడు వదులుతుందో చెప్పలేమని, పడబోయే మనిషి పట్టుకుంటే ఊడిపోతాయని అతడే అన్నాడు. అలాంటప్పుడు అవి అక్కడ ఎందుకు అమ్ముతున్నారన్న ప్రశ్నకు యజమాని దగ్గర సరైన జవాబు లేదు.

ఊతకర్ర విషయంలో దుకాణం పనితనం మంచిదే. చెప్పులు వేసుకుని, చెయ్యి వదులుగా వేలాడదీసి నిలబడినప్పుడు మణికట్టు ముడత ఎంత ఎత్తులో ఉంటుందో కర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి. అప్పుడే పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగి ఉంటుంది. మన ఇళ్ళలో తాతగారి కర్ర అవ్వకు, అవ్వ కర్ర ఇంకొకరికి చేరుతుంది కాబట్టి ఈ కొలత ఎవరికీ కుదరదు. నొప్పి ఉన్న కాలివైపు కాకుండా రెండోవైపు చేత్తో కర్ర పట్టుకోవాలన్న సంగతి కూడా దుకాణంలో చెప్పి, నడిపించి చూశారు. సినిమాల్లో చూసిన అలవాటు కొద్దీ చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పట్టుకుంటారు. కర్ర అడుగున ఉండే రబ్బరు బుష్ అరిగితే తడి నేల మీద కర్రే జారుతుంది. ఇంత జాగ్రత్తగా కర్ర అమ్మిన దుకాణంలో ఆ సైజు విడి బుష్‌లు మాత్రం లేవు, తెప్పిస్తామన్నవి రాలేదు. చిన్న లోపంలా కనిపించినా దీన్ని నేను చిన్నదిగా చూడను.

వాకర్ మా అమ్మకు అవసరం లేదని చెప్పి అమ్మలేదు. మా పక్కింటి పెద్దాయనకు ఇచ్చిన వాకర్‌ను, కుర్చీలోంచి లేచేటప్పుడు దాన్ని పట్టుకుని లాగకూడదనీ, కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచి ఆ తర్వాతే పట్టుకోవాలనీ నేర్పకుండానే చేతికిచ్చి పంపారని ఆయన కోడలు చెప్పింది. ఇంటికి వచ్చే మనిషి నేర్పే శ్రద్ధ, కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్ళలో లేదన్నమాట. కొనే స్తోమత లేనివారికి ఒక సంగతి: కేంద్ర ప్రభుత్వం 2017లో మన పక్కనే ఉన్న నెల్లూరులో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు ఊతకర్రలు, వాకర్లు, కళ్ళద్దాలు, వినికిడి యంత్రాలు శిబిరాల ద్వారా ఉచితంగా ఇస్తారు. వృద్ధుల కోసం ఉన్న 14567 హెల్ప్‌లైనుకు ఫోను చేసి ఇలాంటి వివరాలు అడగవచ్చు.

చౌకగా దొరికి ఎక్కువ మేలు చేసినవి మనిషి కదలగానే వెలిగే చిన్న దీపాలు. మంచం కిందనుంచి మరుగుదొడ్డి దాకా గోడ అడుగున అవి పెట్టిన తర్వాత అమ్మ చీకట్లో గోడ తడుముకోవడం ఆగింది, మా నిద్రా చెడలేదు. జారని రబ్బరు పట్టా మాత్రం మధ్యరకం. అడుగున సబ్బు నురగ, పాచి చేరకుండా తరచూ ఎత్తి కడిగి ఎండలో వేస్తేనే దాని పట్టు నిలుస్తుంది, లేకపోతే పట్టాయే జారుతుంది.

పిలుపు గంట పూర్తిగా నిరాశపరిచింది. మెడలో వేసుకునే చిన్న మీట నొక్కితే హాల్లో గంట మోగాలి. పడి లేవలేకుండా గంటకు పైగా నేల మీదే ఉండిపోయిన వృద్ధులకు ఒంట్లో నీరు తగ్గడం, ఒత్తిడి పుండ్లు, నలిగిన కండరాల వల్ల కిడ్నీలు దెబ్బతినడం వంటి ప్రమాదాలు ఉంటాయి కాబట్టి గంట ఆలోచన మంచిదే. కాని ఈ మీట తడిస్తే పాడవుతుందట, అంటే ఎక్కువ ప్రమాదమున్న స్నానాలగదిలోకే తీసుకువెళ్ళకూడదు. దాని బ్యాటరీ అయిపోతే ముందుగా తెలిపే గుర్తు ఏదీ లేదు. దుకాణానికి ఫోను చేస్తే కంపెనీవాళ్ళతో మాట్లాడమన్నారు, కంపెనీ నంబరు ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు అమ్మ దాన్ని పూజగది మేకుకు తగిలించింది.

దుకాణంలో అమ్మనివి, అమ్మలేనివి ఇంకా ముఖ్యమైనవి ఉన్నాయి. ఇంటికి వచ్చిన యువకుడు మాత్రల పెట్టె చూసి, పేర్ల జోలికి పోకుండా, "ఇవన్నీ ఒకే డాక్టరుగారికి ఒకసారి చూపించండి," అన్నాడు. అతడి పరిధిలో అది సరైన మాట. నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, మగవారు ప్రొస్టేట్ కోసం వాడే కొన్ని మందులు పడే అవకాశాన్ని పెంచుతాయి. వాటిని మనంతట మనం ఆపడం మరో ప్రమాదం. మేము వెళ్ళిన డాక్టరు అమ్మను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్ళీ ఒకసారి బీపీ చూశారు. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే నిలబడగానే కళ్ళు తిరగడానికి అదే కారణం కావచ్చు. అమ్మ మాత్ర వేసుకునే వేళ మార్చారు. లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు ఆడించి, ఆ తర్వాత నిలబడమన్నారు. కళ్ళద్దాల సంగతీ అక్కడే తేలింది. దగ్గరికీ దూరానికీ కలిపి ఒకే అద్దం వాడేవారికి మెట్లు దిగేటప్పుడు కిందిభాగంలోంచి మెట్టు మసకగా కనిపిస్తుంది. అలిపిరి మెట్లు ఎక్కి వచ్చిన పెద్దవాళ్ళు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే తడబడడానికి మోకాళ్ళతోపాటు ఈ అద్దాలూ కొంత కారణం.

దుకాణం కౌంటరు మీద వరుసగా పేర్చిన నరాల బలం పొడులు, అరికాళ్ళ కింద వణికే యంత్రాలు చూస్తే నాకు చిరాకు కలిగింది. పడకుండా ఆపుతాయని చెప్పి వాటిని అమ్ముతున్నారు. విటమిన్ డి లోపం ఉంటే డాక్టరు ఇవ్వవలసిందే, కాని లోపం లేనివారికి కేవలం పడకుండా ఉండేందుకని విటమిన్ డి ఇవ్వవద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందమే సిఫారసు చేసింది. దానికి బదులు గట్టి రుజువున్నది వ్యాయామానికి. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019లో 108 అధ్యయనాలతో ప్రచురించిన సమీక్ష ప్రకారం, ఇళ్ళలో ఉండే వృద్ధులు పడే సందర్భాలను వ్యాయామం 23 శాతం తగ్గించింది. అందులోనూ నిలకడను, కాళ్ళ బలాన్ని పెంచేవి ముఖ్యం: వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడడం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడడం, చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఈ దుకాణం తనంతట తానుగా ఒక ఫిజియోథెరపిస్టును జోడించుకుంటే సేవ పూర్తయ్యేది. అది లేకపోవడమే దీని పెద్ద వెలితి. మేము వేరుగా ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించుకున్నాము.

ఖర్చు గురించి. ఇల్లు చూడడానికి తీసుకునే చిన్న మొత్తాన్ని, ఏదైనా కొంటే బిల్లులో తగ్గిస్తారు. మూడు రాడ్లు, బిగింపు కూలీ, దీపాలు, కర్ర అన్నీ కలిపినా ఒక మంచి స్మార్ట్‌ఫోను ధరలో సగం కూడా కాలేదు. తుంటి ఆపరేషన్ ఖర్చుతో పోల్చే ప్రసక్తే లేదు. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండి, పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగాలు చేస్తున్న ఇళ్ళకు ఈ సేవను నిస్సందేహంగా సూచిస్తాను. పిలిచేముందు మూడు విషయాలు ఫోనులోనే ఖరారు చేసుకోవాలి. ఇంటికి వచ్చేది నడక పరీక్ష తెలిసిన మనిషేనా, లేక డ్రిల్లు పట్టుకున్న కూలీ ఒక్కడేనా? రాడ్డు కదిలితే ఎంతకాలం దాకా ఉచితంగా మళ్ళీ బిగిస్తారు? కర్రకు, వాకర్‌కు సరిపడే బుష్‌లు దుకాణంలో ఉన్నాయా? మాకు రెండోదానికి ఏడాది అని నోటిమాటగా చెప్పారు, బిల్లు మీద రాయమంటే మొదట తటపటాయించి, తర్వాత రాసి ముద్ర వేసి ఇచ్చారు.